పూర్వపక్షం ఎవరి గొంతు?

ఆ సాయంత్రం నడుస్తూ ఖండాల చలనం గురించిన ఒక పుస్తకం వింటున్నాను. ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండి తర్వాత విడిపోయాయన్న తన ఊహను 1912లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ తోటి శాస్త్రవేత్తల ముందు పెట్టిన వైనం, అట్లాంటిక్‌కు అటూ ఇటూ ఉన్న తీరాలు ఒకదానికొకటి అతికినట్టు కనిపించడం, మహాసముద్రం అడ్డున్న రెండు ఖండాల్లోనూ ఒకే ప్రాణి శిలాజాలు దొరకడం, అన్నీ హాయిగా సాగిపోయాయి. కాసేపటికి అదే గొంతు, అదే నిబ్బరంతో, ఖండాలు సముద్రపు అడుగును దున్నుకుంటూ కదలడం అసంభవమని చెప్పసాగింది. అంత బరువును నెట్టగల శక్తి భూమిలో ఎక్కడా లేదట. తీరాల పోలిక కాకతాళీయమట. శిలాజాల సంగతికి వేరే వివరణలు ఉన్నాయట. ఐదారు నిమిషాలు ఇదే ధోరణి. నాకు కాలు ముందుకు సాగలేదు. ఇప్పటిదాకా వెగెనర్‌ను వెనకేసుకొచ్చిన రచయిత ఉన్నట్టుండి ఇలా ఎందుకు మారిపోయాడు?

ఇంకొంత సేపటికి, అయినా ఈ అభ్యంతరాలేవీ చివరికి నిలవలేదు అన్న వాక్యం వచ్చింది. వెనక్కి జరిపి విన్నాను. మళ్లీ జరిపాను. ఇంటికి వచ్చి అచ్చు పుస్తకం తీసి చూస్తే గాని సంగతి బోధపడలేదు. ఆ ఐదారు నిమిషాల మాటలూ పుస్తకంలో చిన్న అక్షరాల్లో, అంచు నుంచి లోపలికి జరిపి అచ్చయి ఉన్నాయి. అవి విమర్శకుల మాటలు. వాటికి పై పేరా చివర, వ్యతిరేకుల వాదనను వారి మాటల్లోనే విందాం అని రచయిత స్పష్టంగా రాశాడు. చదివినాయన ఆ వాక్యాన్ని పై పేరాకు తోకలా గబగబా ముగించి, అక్కడ ప్రకరణం అయిపోయినంత దీర్ఘంగా ఆగి, తర్వాత విమర్శకుల మాటలను రచయిత మాటలంత ప్రేమగా చదివాడు. మంచి గొంతు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. వాదన మాత్రం తలకిందులైంది.

శాస్త్ర చర్చలో దీనికి ఏనాటి నుంచో మాటలున్నాయి. ఎదుటివాడి వాదనను ముందుగా, నిజాయితీగా, వాడు చెప్పినంత బలంగా చెప్పడం పూర్వపక్షం. దాన్ని ఖండించి తన మాట నిలబెట్టుకోవడం సిద్ధాంతం. మంచి కాల్పనికేతర పుస్తకంలో పూర్వపక్షం బలంగానే ఉంటుంది, ఉండాలి కూడా. అది ఎంత బలంగా ఉంటే వినేవాడు దారి తప్పే ప్రమాదం అంత ఎక్కువ. కాగితం మీద కొటేషన్ గుర్తులు, వాలు అక్షరాలు, అంచులు, పేరాల మధ్య ఖాళీలు కాపలా కాస్తాయి. చెవికి ఆ కాపలా ఏదీ ఉండదు. ఆ పనంతా ఒక్క గొంతు చేయాలి. పదేళ్లుగా ఆడియో పుస్తకాలు వింటున్నాను, ఎక్కువగా చరిత్ర, విజ్ఞాన శాస్త్రం, జీవిత చరిత్రలు. ఈ పుస్తకాలను చదివే మనిషికి తీయని గొంతు ఉంటే సంతోషమే, లేకపోయినా ఫరవాలేదు. తాను చదువుతున్న వాక్యం వాదనలో ఏ మెట్టు మీద ఉందో ఆ మనిషికి తెలిసి ఉండాలి. నా పట్టింపు ఇది ఒక్కటే. ఇది తీరని చోట మిగతా హంగులు ఎన్ని ఉన్నా నేను పుస్తకం మధ్యలో ఆపేస్తాను.

ఒక వాక్యం తీసుకుందాం. 'ఆ మందు వల్ల రోగులు కోలుకున్నారని ఆయన చెప్పలేదు.' పైకి చదివి చూడండి. ఆయన అన్న మాట మీద ఊనిక పెడితే, ఇంకెవరో చెప్పారు, ఈయన కాదు అని అర్థం. మందు వల్ల అన్నచోట ఊనితే, కోలుకున్న మాట నిజమే, కారణం వేరే ఏదో ఉంది. కోలుకున్నారని అన్నదాన్ని నొక్కితే, రోగులకు కాస్త ఉపశమనం కలిగి ఉండవచ్చు, అంతకు మించి ఏమీ లేదు. చెప్పలేదు అన్నదాన్ని నొక్కితే, చెప్పకుండానే సూచించాడేమోనన్న అనుమానం మిగులుతుంది. కాగితం మీద ఈ నాలుగూ ఒకే వాక్యం. ముందూ వెనకా చూసుకుని అర్థాన్ని తేల్చుకునే స్వేచ్ఛ పాఠకుడికి ఉంది. పైకి చదివే మనిషి నాలుగింటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. ఎంచుకోకుండా చప్పగా చదివినా అదీ ఒక ఎంపికే, సాధారణంగా తప్పు ఎంపిక. వైద్య చరిత్ర పుస్తకంలో ఇలాంటి వాక్యాలు పేజీకి రెండు మూడు ఉంటాయి. పన్నెండు గంటల పుస్తకంలో ఎన్ని ఉంటాయో ఊహించండి.

నవల చదివేటప్పుడు ఈ బాధ తక్కువ. పాత్ర కోపంగా ఉందో దిగులుగా ఉందో కథే చెబుతుంది, ఒక వాక్యం అటూ ఇటూ అయినా కథ ఆగదు. వాదన అలా కాదు, ఒక మెట్టు జారితే పై మెట్లు అందవు. అయినా ఆడియో పుస్తకాల మీద చర్చ ఎప్పుడూ నవలల చుట్టే తిరుగుతుంది. ఎన్ని గొంతులు మార్చాడు, ఎంతగా ఏడిపించాడు అనే మాటలే వినిపిస్తాయి. కాల్పనికేతర రచనల పఠనాన్ని తేలిక పనిలా చూసే అలవాటు శ్రోతల్లోనూ ఉంది, ప్రచురణకర్తల్లోనూ ఉంది. నా దృష్టిలో రెండింటిలో ఇదే కష్టం.

పాణినీయ శిక్షలో అధమ పాఠకులు ఆరుగురని ఒక జాబితా ఉంది. పాడుతున్నట్టు చదివేవాడు, తొందరపడేవాడు, తల ఊపుతూ చదివేవాడు, రాసి ఉన్నదాన్ని చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పీలగా ఉన్నవాడు. వేదపాఠం కోసం చెప్పిన మాటలవి, ఇప్పటి స్టూడియోకు అన్నీ వర్తించవు. చూసి చదవడమే అక్కడి పని కదా. తల ఊపితే మైకుకు తెలియదు. కానీ పాడేవాడు, తొందరపడేవాడు, అర్థం తెలియనివాడు, ఈ ముగ్గురినీ నేను ఎన్నోసార్లు విన్నాను. పాడేవాడు ప్రతి వాక్యాన్నీ ఒకే ఎత్తులో మొదలుపెట్టి ఒకే చోట దించుతాడు. పది నిమిషాల్లో వినేవాడికి మాటలు పోయి రాగం మిగులుతుంది. అర్థం తెలియనివాడిని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అతని ఉచ్చారణ తరచుగా చాలా శుభ్రంగా ఉంటుంది.

ఒకసారి గణాంకాల మీద ఒక ఇంగ్లిష్ పుస్తకం వింటుంటే, కార్యకారణ సంబంధాన్ని చెప్పే 'కాజల్' అనే పదం వచ్చినచోటల్లా చదివినామె 'క్యాజువల్' అంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో రెండు అక్షరాలు స్థానం మార్చుకుంటే పుట్టే తప్పు అది. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు అని చెప్పడానికే పుట్టిన పుస్తకంలో, ఆ కారణం అనే మాటే లేకుండా పోయింది. మరో గణిత చరిత్రలో ఆయిలర్ అనే గణితవేత్త ఆసాంతం యూలర్‌గానే ఉన్నాడు. పేర్ల తప్పులను నేను క్షమించగలను. మొదటిది క్షమించలేను. అది నాలుక పొరపాటు అయితే ఒకసారి వస్తుంది, ప్రతిసారీ వచ్చిందంటే ఆ వాక్యాల అర్థం చదివేవారి తలలోకి వెళ్లలేదన్నమాట. శ్రద్ధ ఉన్నవాళ్లు రికార్డింగుకు ముందే పుస్తకం మొత్తం చదువుకుని, పేర్ల జాబితా రాసుకుని, తెలిసినవారిని అడిగి ఉచ్చారణ సరిచూసుకుంటారు. అలా సిద్ధమైన గొంతును మొదటి పావుగంటలోనే పోల్చుకోవచ్చు. రాబోయే 'కానీ' కోసం ముందు వాక్యం నుంచే అది సర్దుకుంటూ ఉంటుంది.

మరి రచయితే చదివితే? ఈ ప్రశ్న మీద నా అభిప్రాయం రెండుసార్లు మారింది. మొదట్లో రచయిత చదివిన పుస్తకమే అసలైనదనుకునేదాన్ని. స్వీయచరిత్రల విషయంలో ఇప్పటికీ అదే నమ్మకం. బరాక్ ఒబామా అధ్యక్షుడు కాకముందే తన రెండు పుస్తకాలను తానే చదివి 2006లో, 2008లో గ్రామీ అవార్డులు అందుకున్నాడు. తండ్రి గురించి కొడుకు చెప్పే మాటలను ఇంకొకరి గొంతులో వినాలని ఎవరికి ఉంటుంది? తర్వాత కొందరు శాస్త్రవేత్తలు తమ పుస్తకాలను తామే చదవగా విని విసిగిపోయాను. పొడి గొంతు, వాక్యం మధ్యలో ఊపిరి అందకపోవడం, పేజీ తిప్పుతున్నట్టు ఆగడం. నటులే నయమనుకున్నాను. ఇప్పుడు మళ్లీ రచయితల వైపే మొగ్గుతున్నాను. ఆ పొడి గొంతుల్లో ఒక అమూల్యమైన గుణం ఉంది. తాను దేనికి ముప్ఫై ఏళ్లు కష్టపడ్డాడో ఆ వాక్యం దగ్గర ఆయన తెలియకుండానే నెమ్మదిస్తాడు. మినహాయింపులు చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది. ఇది నా సొంత అనుమానం మాత్రమే అనే చోట నిజంగా అనుమానంగానే పలుకుతుంది. నటుడు అదే వాక్యాన్ని తీర్పులా చదివేస్తాడు. తెలిసినదానికీ ఊహించినదానికీ మధ్య గీత చెరిగిపోతే విజ్ఞాన శాస్త్ర పుస్తకంలో మిగిలేది ఏముంది?

ఉటంకింపులకు యాసలు పెట్టేవారి గురించి ఒక్క మాట. ఐన్‌స్టైన్ మాట రాగానే జర్మన్ యాస, గాంధీ మాట రాగానే వణికే గొంతు. దయచేసి వద్దు. ఆ మనిషి ఆలోచన వినాల్సిన సమయంలో అనుకరణ వినాల్సి వస్తుంది. ఉటంకింపు మొదలైందని తెలియడానికి చిన్న విరామం, ముగిసిందని తెలియడానికి మరో చిన్న విరామం, స్థాయిలో కొద్ది మార్పు. వీటితోనే అద్భుతంగా చదివేవారిని విన్నాను.

ఈ మెళకువలు కొత్తగా కనిపెట్టవలసినవి కూడా కావు. చెవితో పుస్తకం చదవడం అవసరమైనవారి కోసం ఇదంతా ఎప్పుడో మొదలైంది. 1878లో ఎడిసన్ తన ఫోనోగ్రాఫ్ ఎందుకు పనికొస్తుందో వరుసగా రాస్తూ, చెప్పి రాయించే ఉత్తరాల వెంటనే అంధులకు వినిపించే పుస్తకాలను పేర్కొన్నాడు. అది నిజం కావడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది. 1934లో అమెరికాలో, మరుసటి ఏడాది బ్రిటన్‌లో, గ్రామఫోన్ రికార్డుల మీద మాట్లాడే పుస్తకాలు వచ్చాయి. బ్రిటన్‌లో దాని వెనక మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల అవసరం ఉంది. అమెరికా రికార్డు ఒక్కో వైపు సుమారు పావుగంట నడిచేది, పుస్తకానికి ఒక కట్ట రికార్డులు. అలెగ్జాండర్ స్కోర్బీ అనే నటుడు అంధ శ్రోతల కోసం 400కు పైగా పుస్తకాలు చదివాడు.

ఆ సంప్రదాయంలో ఎదిగిన పద్ధతులు చూస్తే నాకు గౌరవం, ఆ వెంటనే కోపం కలుగుతాయి. అంధుల కోసం మాట్లాడే పుస్తకాలు అందించే గ్రంథాలయాలు కలిసి 1996లో ఏర్పరచుకున్న డైసీ కన్సార్టియం తయారుచేసిన ప్రమాణంలో శ్రోత అధ్యాయం నుంచి అధ్యాయానికి, పేజీ నుంచి పేజీకి వెళ్లగలడు. పాదసూచికలు కావాలంటే వినవచ్చు, వద్దనుకుంటే దాటిపోవచ్చు. అంటే పుస్తకం అంటే అక్షరాల వరుస మాత్రమే కాదని, దానికో కట్టడం ఉందని, ఆ కట్టడాన్ని కూడా చెవికి అందించాలని వాళ్లు గుర్తించారు. ఇప్పుడు నేను డబ్బు పెట్టి కొనే ఆడియో పుస్తకాల్లో పాదసూచికలు చాలావరకు మాయమవుతాయి. పటాల కోసం, పట్టికల కోసం విడిగా ఉన్న పీడీఎఫ్ చూడండి అంటుంది గొంతు. గిన్నెలు కడుగుతూ వింటున్న మనిషి ఏ చేత్తో చూడాలి? అసలు చూపే లేని మనిషి ఏం చేయాలి? ఇంకొందరు పట్టికను యథాతథంగా చదివేస్తారు. ఒకసారి మరణాల లెక్కల పట్టిక ఒకటి మూడు నిమిషాలు సాగింది, ఏడాది, సంఖ్య, శాతం, ఏడాది, సంఖ్య, శాతం. నాకు ఒక్క అంకె గుర్తులేదు. లెక్క ఏటా పెరిగి, చివరి రెండేళ్లలో సగానికి పడింది అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే జీవితాంతం గుర్తుండేది. రచయిత ఆ వాక్యాన్ని చెవి కోసం ప్రత్యేకంగా రాసి ఇవ్వవచ్చు. పుస్తకాన్ని చెవికి అప్పగించేముందు రచయితలు ఒక్క రోజు కేటాయించి ఈ పని చేయాలని నేను గట్టిగా కోరుకుంటాను.

వినడం చదవడమేనా అన్న వాదులాట ఎప్పటికీ తెగదు. 2016లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఒక నిజజీవిత గాథలోని భాగాలను విన్నవారికీ చదివినవారికీ అవగాహనలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రెండు వారాల తర్వాత అడిగినా అంతే. 2010 నాటి మరో అధ్యయనంలో మాత్రం, ఒక వ్యాసాన్ని పాడ్‌కాస్ట్‌గా విన్న కళాశాల విద్యార్థులు చదివినవారికంటే పరీక్షలో బాగా వెనకబడ్డారు. ఈ రెండింటికీ వైరుధ్యం ఉందనుకోను. మొదటిది కథలా సాగే రచన, రెండోది చదువుకోవలసిన పాఠం. జీవిత చరిత్ర చెవిలో పడితే చాలు, దానంతట అదే నడుస్తుంది. వాదనను వెంట నడిపించాలి.

కన్ను నడిచే తీరు వేరు. పుస్తకం చదివేటప్పుడు చూపు ముందుకే పోదు. ప్రతి నూరు కదలికల్లో 10 నుంచి 15 వరకు వెనక్కే ఉంటాయి. చదివేవాడికి తెలియకుండానే కన్ను వెనక్కి వెళ్లి సరిచూసుకుని వస్తుంది. చెవికి ఆ వీలు లేదు. బటను నొక్కి వెనక్కి జరపవచ్చు, కానీ చేతికి పిండో మట్టో అంటుకుని ఉంటుంది. అందుకే విరామాలు. శ్రవణం తర్వాత మననం అన్నారు పెద్దలు, రెండూ ఒకేసారి జరగవు. ఒక కష్టమైన వాక్యం తర్వాత చదివే మనిషి అర క్షణం ఆగితే, ఆ అర క్షణంలోనే నా కన్ను చేయవలసిన పనిని నా మనసు చేసుకుంటుంది.

ఈ కారణంగానే వేగం పెంచి వినడం నాకు నచ్చదు. ఇంగ్లిష్ ఆడియో పుస్తకం సాధారణంగా నిమిషానికి 150 నుంచి 160 మాటల దగ్గర నడుస్తుంది. మౌనంగా చదివేవారు కాల్పనికేతర రచనను సగటున 238 మాటల వేగంతో చదువుతారు. కాబట్టి ఒకటిన్నర రెట్లు పెంచితే తప్పేమిటని మిత్రులు అడుగుతారు, లెక్క సరిగ్గా సరిపోతుంది కూడా. మాటల లెక్క సరిపోతుంది. విరామాలు మాత్రం మూడింట ఒక వంతు కుదించుకుపోతాయి. కొన్ని యాప్‌లలో నిశ్శబ్దాలను పూర్తిగా కత్తిరించే సదుపాయం ఉంది. దాన్ని ఒకసారి వాడి చూశాను. పుస్తకం ముందే ముగిసింది. ఏ అధ్యాయంలో ఏముందో చెప్పమంటే నోరు పెగలలేదు. చూపు లేని పాఠకులు ఎంతోమంది యంత్రపు గొంతును చాలా ఎక్కువ వేగంతో వింటారు, అది ఏళ్ల సాధనతో వచ్చిన నైపుణ్యం, దానికి నా నమస్కారం. నా అభ్యంతరం చదివిన పుస్తకాల సంఖ్య పెంచుకోవడానికి పరుగెత్తేవారి గురించే.

యంత్రపు గొంతు ప్రస్తావన వచ్చింది కాబట్టి. కొన్నేళ్లుగా పెద్ద సంస్థలు కూడా కంప్యూటర్ చదివిన పుస్తకాలను అమ్మకానికి పెడుతున్నాయి. నేను వాటిని కాదనను. ఏ స్టూడియో తలుపూ తట్టలేని లక్షల పుస్తకాలు ఉన్నాయి, వాటికి గొంతు లేకపోవడంకంటే ఏదో ఒక గొంతు ఉండటం మేలు. అవి రోజురోజుకూ సహజంగా మారుతున్నాయి, ఊపిరి తీసుకున్న శబ్దం కూడా వినిపిస్తోంది. నాకు భయం కలిగేది అక్కడే. వెనకటి యంత్రం తప్పు ఊనిక పెడితే అది యంత్రమని తెలిసి నేనే జాగ్రత్తపడేదాన్ని. ఇప్పుడు తప్పు ఊనిక కూడా ఎంతో నమ్మకంగా, ఎంతో ఆత్మీయంగా వస్తుంది. ఎవరు చదివారో అట్ట మీదే, వినడానికి ముందే, పెద్ద అక్షరాల్లో చెప్పాలి. మనిషి చదివితే పేరు రాయాలి, యంత్రం చదివితే ఆ మాట రాయాలి.

ఏడాదిగా నేను కూడా చదువుతున్నాను. చూపు లేని ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని కోసం, వారానికి రెండు అధ్యాయాలు, ఫోనులో రికార్డు చేసి పంపుతాను. ఇన్నేళ్లు విన్న అనుభవం ఉంది కదా అని ధైర్యంగానే మొదలుపెట్టాను. మూడో అధ్యాయంలో ఒక తీర్పు గురించి ఉంది. మెజారిటీ న్యాయమూర్తుల వాదన, దాని వెంటే భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి వాదన. పంపిన మర్నాడు ఆమె ఫోను చేసింది. "అక్కా, తొమ్మిదో నిమిషం తర్వాత వచ్చే మాటలు తీర్పువా, తీర్పును కాదన్నాయనవా?"

వెగెనర్ విమర్శకులు గుర్తొచ్చారు. నేనూ అచ్చంగా అదే పని చేశాను. పేజీ నా కళ్లెదుట ఉంది కాబట్టి ఎవరి మాట ఎవరిదో నాకు తెలుసు, ఆ తెలిసినదాన్ని గొంతులోకి తేవాలన్న ధ్యాస లేకపోయింది. ఆ అధ్యాయం మళ్లీ రికార్డు చేశాను. భిన్నాభిప్రాయం మొదలయ్యేచోట ఒక ఊపిరి ఎక్కువ ఆగాను, ఆ న్యాయమూర్తి పేరును తొందరపడకుండా పలికాను, ఆయన మాటలను కాస్త కింది స్థాయిలో, కానీ ఆయన నమ్మినంత గట్టిగా చదివాను. సొంతంగా ఒక్క మాట కూడా కలపలేదు, కలపాలని చాలా అనిపించినా. సాయంత్రానికి జవాబు వచ్చింది. "ఇప్పుడు ఇద్దరూ విడివిడిగా వినిపిస్తున్నారు అక్కా. పద్నాలుగో నిమిషం దగ్గర మాత్రం మళ్లీ కలిసిపోయారు."

పుస్తకం తీసి ఆ చోటు వెతికాను. ఒకే వాక్యంలో ఆయన మెజారిటీ మాటను ఎత్తి చూపి, అదే వాక్యంలో ఖండించాడు. ఫోను పక్కన పెట్టి, ఆ వాక్యాన్ని మెల్లగా పైకి చదవడం మొదలుపెట్టాను.